నాన్న కేజీ రాయి

ఫిబ్రవరి 3

తమ్ముడికి,

నీ మీద కోపంగా ఉన్నాను. అయినా ప్రార్థనలో నిన్ను తలుచుకోవడం మానలేదు. ఈ రెండూ గుర్తుంచుకుని మిగతాది చదువు.

నీ బ్లాగు చదివాను. ఫోన్‌లో కాదు, కాగితం మీద. మన షాపు పక్కన జిరాక్స్ షాపావిడ పదకొండు పేజీలు ప్రింటు తీసి ఇచ్చింది. తీస్తూ తీస్తూ, "మీ తమ్ముడు కాటాల గురించి రాస్తాడన్నారు, ఇందులో కాటా ఎక్కడుందండీ?" అని అడిగింది. ఆదివారం వాక్యం చెప్పడానికి వీధి మూల మైకు పట్టుకుంటే గంటన్నర ఆగని నోరు నాది. ఆవిడని మాత్రం డబ్బులెంత అని అడిగి ఊరుకుంది.

"మీ కూరగాయలవాడు మిమ్మల్ని ముంచేస్తున్నాడా? ఈ ఏడు గుర్తులు చూస్తే గుండె ఆగిపోతుంది" అని పైన పెద్ద అక్షరాల్లో పెట్టావు. ఏడూ చదివాను. గుండె బాగానే ఉంది, ఓపికే ఆగిపోయింది. మూడో గుర్తూ ఆరో గుర్తూ ఒకటే. ఐదోది గుర్తే కాదు, కింద మీ అభిప్రాయం రాయండి బాబూ అని అడుక్కోవడం. మధ్యలో ఒక డబ్బా: "ఆగండి, అప్పుడే వెళ్లిపోతున్నారా?" ఫోన్‌లో అయితే అది తెర మీదకి దూకుతుందట, ఈమెయిలు ఇచ్చేదాకా పక్కకి జరగదట. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే చొక్కా పట్టుకుని చిరునామా అడిగేవాణ్ణి మన ఇంట్లో ఏమనేవారో నీకు తెలుసు.

ఈ విద్య నేర్పిన నీ ఆన్‌లైన్ గురువు ఫోటో కూడా ఆవిడే చూపించింది. ముప్పై రెండు పళ్లూ బయటే ఉన్నాయి. "తొంభై రోజుల్లో మీ బ్లాగే మీ సామ్రాజ్యం" అంటాడు. ఎడారిలో బంగారు దూడను పోత పోసి మొక్కినవాళ్లు కూడా ముందు జనం చెవిపోగులే వసూలు చేశారు. కాకపోతే వాళ్లకి చివర్లో దూడైనా మిగిలింది.

నాన్న నలభై ఏళ్లు ఈ ఊరి కాటాలు బాగుచేశాడు. ఆయన తర్వాత పందొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నాను. తప్పుడు త్రాసు దేవుడికి రోత అని మనకి అక్షరాలతో పాటే నేర్పారు. ఆ ఇంటి పిల్లవాడు గుండెలు ఆపే వ్యాపారం పెట్టాడు.

ప్రింటు కాగితాలు దీంతో పంపుతున్నాను. ఎర్ర పెన్సిలుతో కొట్టేసినవి కొట్టేయి. ఏమీ మిగల్లేదేమిటని అడగకు.

అక్క

*

ఫిబ్రవరి 11

అక్కా,

నీ కవరు చింపకముందే వేడి తగిలింది.

ఎర్ర పెన్సిలు గీతలన్నీ చూశాను. నా పేరొక్కటే వదిలేశావు, అదీ మొహమాటానికి వదిలినట్టుంది. సరే, ఒప్పుకుంటాను. రోజుకు నలభై మంది చదువుతున్నారు. అందులో పది మంది నేనే, ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటిలోంచి.

కానీ ఒక్క మాట విను. కరెంటు బిల్లుల కౌంటరులో పన్నెండేళ్లు కూర్చున్నాను. అద్దానికి చిన్న కన్నం. అందులోంచి నాకు కనిపించింది జనం వేళ్లు మాత్రమే. ఎవడి మొహమూ పూర్తిగా చూడలేదు. ఆ కుర్చీ వదిలేసి వచ్చాను. ఈ ఏడాదిలో బ్లాగు నాకు కూడు పెట్టకపోతే మళ్లీ ఆ కన్నం వెనక్కే. గురువు దగ్గరికి వెళ్లింది సామ్రాజ్యం కోసం కాదు, ఆ భయంతో.

ఇంకోటి. జనాన్ని భయపెట్టి పిలుస్తున్నానని తిట్టావు. నీ ప్రసంగం అగ్నిగుండంతోనే కదా మొదలయ్యేది? నావి ఏడు గుర్తులే, నీవి లెక్క పెట్టలేక చిన్నప్పుడు అమ్మ ఒళ్లో నిద్రపోయేవాణ్ణి.

కొట్టేయడం తేలికక్కా. ఏం రాయాలో చెప్పు.

తమ్ముడు

*

ఫిబ్రవరి 20

తమ్ముడికి,

అగ్నిగుండం ఉందని నమ్మి చెబుతున్నాను. కూరగాయలవాడు మోసగాడని నమ్మే రాశావా? లేదు. వాడెవడో నీకు తెలియదు. మన ఇద్దరి మధ్య ఉన్న తేడా అంతే, దాన్ని చిన్నదనుకోకు.

ఏం రాయాలని అడిగావు కాబట్టి చెబుతున్నాను. కాటా ఎగుడుదిగుడు బల్ల మీద ఉంటే ఎంత తేడా వస్తుందో రాయి. తిరిగే ఫ్యాను కింద పెడితే అంకె ఎందుకు నిలవదో రాయి. పళ్లెం కింద ఎండిన ఉల్లిపొర ఇరుక్కుని, కాటా పాడైందనుకుని కొత్తది కొన్న హోటలు మేనేజరు గురించి రాయి. ఆ పొర నేనే తీశాను, ఆ మనిషి మొహం ఇంకా గుర్తుంది. నీ చేత్తో చేయని పని రాయకు. రాసిన ప్రతి పని కిందా అది ఎన్నిసార్లు చేశావో అంకె వేయి. ఒకసారే చేస్తే ఒకసారే అని వేయి. ఆ దూకే డబ్బా పీకేయి. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు జవాబు చెప్పు, ఆ తర్వాత ఊపిరి పీల్చుకో.

నీ గురువుకి ఇది పాతకాలం సరుకులా కనిపిస్తుంది. సున్నం కొట్టిన సమాధి కూడా దూరానికి కొత్త ఇల్లులాగే కనిపిస్తుంది.

కావాలంటే నాన్న కేజీ రాయి ఫోటో పెట్టుకో. జిరాక్స్ ఆవిడ తీసిచ్చింది. ఇత్తడిది అంతలా మెరవడానికి ప్రతి శనివారం ఇటుక పొడితో తోముతాను, అద్దంలా నా మొహం కనిపించేదాకా. నాన్న హయాంలో అది బొగ్గులా ఉండేది. నీతిని కొలిచే వస్తువు మురికిగా ఉండకూడదు. ఈ వీధిలో ప్రతి కాటానూ దానితోనే సరిచేస్తాను.

అక్క

*

ఏప్రిల్ 6

అక్కా,

కూర్చుని చదువు. రోజుకు మూడు వేల మంది.

దూకే డబ్బా పీకేశాను. ఏడు గుర్తులు తీసేశాను. ఉల్లిపొర కథ రాసి, కింద "ఇది మా అక్క ఒకసారి చేసింది, నేను సున్నా సార్లు" అని వేశాను. జనం ఆ సున్నాని పట్టుకుని నవ్వారు, మళ్లీ వచ్చారు. ఇప్పుడు బేకరీవాళ్లు, ఇంట్లో సబ్బులు చేసి అమ్మేవాళ్లు, మందుల షాపుల వాళ్లు రోజూ ఏదో ఒకటి అడుగుతున్నారు. అందరికీ జవాబు రాస్తున్నాను. చూపుడు వేలు నొప్పి పుడుతోంది, కానీ ఇది అద్దం కన్నంలో దూర్చిన వేలు కాదు.

అందరూ చివరికి ఒకటే అడుగుతున్నారు: మా కాటా సరిగ్గా ఉందో లేదో దేనితో చూసుకోవాలి? వాళ్లకి నమ్మకమైన కేజీ రాయి కావాలి. అదే అమ్ముదాం. మన వీధి లేతు మేస్త్రి ఇత్తడి రాళ్లు కోసి ఇస్తాడు. ఒక్కో రాయినీ నువ్వు నాన్న త్రాసు మీద, నాన్న రాయికి ఎదురు పెట్టి సరిచూస్తావు. "మా అక్క చేత్తో తూచినవి" అని రాస్తాను.

గురువుకి చెబితే నవ్వాడు. పోత రాళ్లు సగం ఖర్చుకే దొరుకుతాయి, ఎవడు తూచి చూడొచ్చాడు అన్నాడు. చూస్తానండీ అని ఫోన్ పెట్టేశాను.

ఏమంటావు?

తమ్ముడు

*

ఏప్రిల్ 15

తమ్ముడికి,

సరే అన్నాను. నీ గురువు చెప్పిన పోత రాళ్లు ఒక్కటి కలిసినా మన తోబుట్టువుల వరస ఆరోజుతో సరి. "చూస్తానండీ" ఏమిటి? ఛీ అని ఎందుకు అనలేకపోయావు?

మేస్త్రి మొదటి అరవై ఇచ్చాడు. ప్రతి రాయీ కావాలనే కాస్త తేలికగా కోసి, అడుగున చిన్న గుంట పెడతాడు. నేను అందులో సీసం ముక్కలు వేస్తూ నాన్న రాయికి సరితూగేలా చేస్తాను. త్రాసు ముల్లు మధ్యలో నిలిచేవరకు ఊపిరి కూడా వదలను. మేస్త్రికి నా పద్ధతి చూస్తే నవ్వు. "అక్కగారూ, ఇది రాయా, పెళ్లికూతురా?" అన్నాడు. పెళ్లికూతురికైనా ఏదో ఒక లోపం ఉంటుంది, దీనికి ఉండదు అన్నాను.

పెట్టెలు బస్సులో వేశాను.

అక్క

*

జూన్ 9

అక్కా,

నూట నలభై రాళ్లు అమ్ముడుపోయాయి. నేను వేరే పని వెతుక్కోనక్కర్లేదు. పైగా బడులకి సైన్సు సామాన్లు పంపే ఒక కంపెనీ వాళ్లు నాలుగు వందలు అడిగారు. వచ్చే నెల సంతకాలు. ఇది కుదిరితే ఇంక ఆ కన్నం వైపు తల తిప్పి చూడను.

ఒక చిన్న విషయం. ఒక బడిలో ల్యాబు చూసుకునే అతను రాశాడు. మన రాయి వాళ్ల త్రాసులో తొమ్మిది వందల తొంభై ఆరు గ్రాములే చూపిస్తోందట. నాలుగు తక్కువ. మర్యాదగానే రాశాడు. రెండు రోజుల్లో ఇంకో ఇద్దరు అదే అంకె రాశారు. నువ్వోసారి చూస్తావా? చివరి పెట్టెలో ఏమైనా తొందర పడ్డావేమో.

తమ్ముడు

*

జూన్ 14

తమ్ముడా,

తొందర. నేను. ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

మూడు వేర్వేరు ఊళ్లలో ముగ్గురికీ సరిగ్గా ఒకే తేడా వచ్చిందంటే అది చేతి పొరపాటు కాదు, పనిగట్టుకుని చేసిన పని. నా దగ్గర్నుంచి నిండుగా బయల్దేరిన రాయి నీ దగ్గర నాలుగు గ్రాములు చిక్కిపోయింది. "చూస్తానండీ" అన్నావు కదా, చూశావన్నమాట. నీ గురువు, ఆ ముప్పై రెండు పళ్ల ప్రవక్త, చెప్పిన పోత రాళ్లు కలిపావు. నాలుగు వందల బేరం కనబడేసరికి ఒక గిన్నె కూడుకి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడి ఆకలి వేసింది నీకు.

నువ్వు రోజూ రాస్తున్నావు కదా, జనం నమ్మకం ముఖ్యం, నమ్మకమే పెట్టుబడి అని. జిరాక్స్ ఆవిడ చదివి వినిపిస్తే ఈ మధ్య గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఎంత వెర్రిదో ఇప్పుడు తెలిసింది. మూడు వేల మంది ముందు నీతులు చెప్పి, వెనక గదిలో రాళ్లు మార్చేవాడికన్నా జేబు కొట్టేవాడు నయం. వాడు బ్లాగు రాయడు.

సోమవారం నాన్న రాయి తీసుకుని తూనికల ఆఫీసుకి వెళ్తున్నాను. వాళ్ల చేత కాగితం రాయించి ఒకటి ఆ ల్యాబు అతనికీ ఒకటి నీకూ పంపుతాను. ఆ తర్వాత నాకు ఉత్తరం రాయకు.

*

జూన్ 19

అక్కా,

రాయొద్దన్నావు కాబట్టి ఒక్క ముక్క. నువ్వు పంపిన పెట్టెలు నేను విప్పను కూడా. నువ్వు కట్టిన తాడుతోనే, పైన చిరునామా అంటించి పంపిస్తాను. నువ్వు కట్టిన ముడి విప్పడానికి నాకెప్పుడూ ధైర్యం చాలలేదు. ఇంతకంటే నా దగ్గర సాక్ష్యం లేదు.

తమ్ముడు

*

జూన్ 27

తమ్ముడికి,

మొదటి పేరా రాయడానికి మూడు రోజులు పట్టింది. ఇదే ఆ పేరా.

ఆఫీసులో ఒక ఆవిడ ఉంది, నాకన్నా సగం వయసు. ఆవిడ ముందు బల్ల మీద రాయి టక్కున పెట్టి, మా తమ్ముడి మోసం తేల్చాలి అన్నాను. ఆవిడ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. మెత్తటి గుడ్డ చుట్టిన పట్టకారుతో ఎత్తి, అద్దాల పెట్టెలో ఉన్న త్రాసు మీద పెట్టింది. తలుపు మూసింది. అంకె నిలిచేదాకా ఇద్దరం దానివైపే చూశాం.

తొమ్మిది వందల తొంభై ఆరు.

మళ్లీ పెట్టమన్నాను. పెట్టింది. మీ యంత్రం తప్పన్నాను. ఇంకో యంత్రం మీద పెట్టింది. విందులో కూర్చున్న రాజుకి, గోడ మీద "త్రాసులో తూగి తక్కువయ్యావు" అని రాసే చెయ్యి కనిపించి మోకాళ్లు కొట్టుకున్నాయని ఎన్నిసార్లు ప్రసంగించానో. ఆ రాజు నాకెప్పుడూ లోకువే. మొన్న ఆ గదిలో స్టూలు ఎక్కడుందా అని వెతికాను.

అప్పుడు ఆవిడ అడిగింది: "దీన్ని దేంతో తోముతారమ్మా?"

ఇటుక పొడితో, ప్రతి శనివారం అన్నాను. ఎన్నేళ్లుగా అంది. పందొమ్మిది అన్నాను. అలా అంటున్నప్పుడు కూడా నా గొంతులో కాస్త గొప్ప ఉంది, విను, సిగ్గు లేకుండా ఉంది. ఆవిడ నవ్వలేదు. "నల్లగా వదిలేసుంటే సరిగ్గా ఉండేదమ్మా. మీరు తోమింది మురికి కాదు, ఇత్తడి" అంది.

నాన్నకి తెలుసురా. అందుకే గుడ్డలో చుట్టి ఉంచేవాడు. నేను చూసి, ముసలాయనకి శుభ్రం తెలియదు అనుకున్నాను.

నువ్వు దొంగవి కాదు. ఆ మాట చెప్పి దాటేసేంత చిన్న తప్పు కాదు నాది. అందుకే మిగతాది కూడా రాస్తున్నాను. ఈ వీధిలో కాటాలన్నీ ఈ రాయితోనే దిద్దాను. కేజీ అని అందరూ కొన్నది నాలుగు గ్రాములు తక్కువ. ప్రభుత్వం వాళ్లు చూసుకునే తేడా లోపలే ఉండబట్టి ఎవరూ పట్టుకోలేదు. ఒక ఏడాది తనిఖీకి వచ్చినాయన కోడిమాంసం షాపులో, కాటా కాస్త ఎక్కువ చూపిస్తోందమ్మా అన్నాడు. నడి వీధిలో ఆయన్ని కడిగేశాను. దండం పెట్టి వెళ్లిపోయాడు.

అంతకన్నా పెద్దది ఒకటుంది, నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ల కిందట ఈ వీధిలో పాత కాగితాలు కొనే ఒకతను ఉండేవాడు. వాడి కాటా మీద నాన్న రాయి పెడితే తొమ్మిది వందల తొంభై ఏడు చూపించింది. కొనేవాడి కాటా తక్కువ చూపిస్తే అమ్మేవాడికే నష్టం. దిద్దుకో అన్నాను. దిద్దుకోనన్నాడు. ఆ ఆదివారం మైకులో వాణ్ణి వేలెత్తి చూపించి దొంగ త్రాసు అన్నాను. నెల తిరక్కుండా షాపు ఎత్తేశాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అప్పటికి రాయి మూడు గ్రాములు అరిగి ఉంది, దాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించిన ఆ కాటా ఒక్కటే ఈ వీధిలో సరైనది.

ఇదంతా బ్లాగులో పెట్టు. నూట నలభై మందినీ రాళ్లు వెనక్కి పంపమను. తూనికల ఆఫీసులో ముద్ర వేసిన రాయికి ఎదురుపెట్టి అన్నీ దిద్దుతాను. బడుల కంపెనీకి సంతకం పెట్టకముందే చెప్పు.

అక్క

*

జూలై 3

అక్కా,

పెట్టను.

రాళ్లు మార్చి ఇద్దాం, ఒక్కొక్కరికీ విడిగా రాసి. అందులో నాకు ఇంకో మాట లేదు. కానీ నీ సంగతి మూడు వేల మంది ముందు ఆరబెట్టలేను. వాళ్లు నిన్ను ఇష్టపడుతున్నారు. "అక్కగారు ఏమన్నారు" అని అడుగుతారు. రేపు వాళ్లే నిన్ను పట్టుకుని నవ్వుతారు. నా మీద దొంగ అని నింద వేసినప్పుడు ఎలా ఉంటుందో జూన్‌లో చూశాను. దాన్ని నీ మీద వేయలేను.

గురువు కూడా పెట్టొద్దన్నాడు. ఆ ముక్క చదివి నువ్వు నన్ను వాడితో కలిపేస్తావని తెలిసే రాస్తున్నాను.

తా.క. జూలై 5. ఇది పోస్టు చేయకముందే మళ్లీ విప్పాను. గురువు ఫోన్ చేసి, "మీ అక్కగారి పొరపాటుని మనం ఒక మంచి కథగా మలిచి, అమ్మకాలు పెంచే దారి ఉంది" అన్నాడు. అప్పటికి నా నోట ఛీ వచ్చింది. ఫోన్ పెట్టేసి నీ ఉత్తరం యథాతథంగా టైపు చేసి పెట్టేశాను. "మా కేజీ రాయి నాలుగు గ్రాములు తక్కువ" అని మాత్రం పైన రాశాను. కంపెనీ వాళ్లకి అంతకుముందే చెప్పాను. ఇప్పట్లో వద్దన్నారు. అమ్మకాలు ఆగాయి, చదివేవాళ్లు మాత్రం ఉన్నారు. బిల్లుల ఆఫీసుకి ఫోన్ చేస్తే కుర్చీ ఖాళీ లేదన్నారు. ఎందుకో హాయిగా అనిపించింది. రోజూ ప్రశ్నలకి జవాబులు రాస్తున్నాను. చూద్దాం.

తమ్ముడు

*

జూలై 15

తమ్ముడికి,

నువ్వు పెట్టింది జిరాక్స్ ఆవిడ ప్రింటు తీసింది. ఎర్ర పెన్సిలు ముట్టుకోలేదు.

కింద ఎవడో రాశాడు, "అక్కగారి నిజాయితీకి వందనం" అని. ఆ వందనం చించేయి. నాలుగు గ్రాములు తక్కువ తూచినదానికి నిజాయితీ అని పేరు పెట్టేవాడు రేపు దొంగకి కూడా దండ వేస్తాడు.

ఆదివారం మైకులో చెప్పాను. పన్నెండు నిమిషాలు పట్టింది. కోడిమాంసం ఆయన, "అక్కా, మరి ఇన్నాళ్లూ మమ్మల్ని అగ్నిగుండానికి పంపావు కదా, మేం అక్కడ నీకోసం ఎదురు చూడాలా?" అన్నాడు. జనం నవ్వారు. నవ్వనిచ్చాను. సోమవారం నుంచి ముద్ర రాయి పట్టుకుని షాపు షాపుకీ తిరిగి కాటాలు దిద్దుతున్నాను. రోజుకి ఆరు అవుతున్నాయి.

పాత కాగితాలతను దొరికాడు. రైలు పట్టాల అవతల, ఒక రేకు కింద, అదే కాటా. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, పారిపోవాలా వద్దా అన్నట్టు. చెప్పాల్సింది దారంతా కూర్చుకున్నాను, నీకు తెలుసు నా కూర్పు. అక్కడికి వెళ్లాక ముద్ర రాయి వాడి కాటా మీద పెట్టాను. వెయ్యి చూపించింది. తప్పు నాది, నీ కాటా సరైనది అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. "అప్పుడే ఆఫీసులో చూపించుకున్నాను. కాగితం కూడా ఉంది."

మరి నాకెందుకు చెప్పలేదయ్యా అన్నాను.

వాడు కాగితాల కట్ట మీద కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు: "చెప్పానమ్మా. మీ చేతిలో మైకు ఉంది."

ఇది కూడా పెట్టు. దీని కింద నువ్వేమీ రాయకు.

అక్క